తేనెపెట్టె పెడదామనుకుంటున్నారా? ముందు ఈ జాబితా చూడండి!

పెరట్లో మునగ పూసింది. పక్కింటి వేపచెట్టు నిండా తెల్లటి పూత. పంపు దగ్గర తడినేల మీద వాలి నాలుగు తేనెటీగలు నీళ్ళు తాగుతున్నాయి. ‘మనం కూడా ఓ పెట్టె పెట్టుకుంటే ఇంటి తేనె ఇంట్లోనే దొరుకుతుంది కదా!’ అని చాలామంది గృహిణులకి అనిపిస్తుంది. పిల్లలకి కల్తీలేని తేనె పెట్టచ్చు, పండక్కి చుట్టాలకో సీసా ఇవ్వచ్చు, మిగిలింది అమ్ముకుంటే నాలుగు డబ్బులూ వస్తాయి.

ఆలోచన మంచిదే. కష్టమైన పనీ కాదు. వారానికోసారి ఓ గంట కేటాయిస్తే చాలు. కానీ ఉత్సాహంగా మొదలుపెట్టిన చాలా ఇళ్ళల్లో ఏడాది తిరిగేసరికి పెట్టె అటకెక్కుతుంది. ‘ఈగలు ఎగిరిపోయాయండీ’ అంటారు. ఈగలు ఊరికే ఎగిరిపోవు. తినడానికి లేకపోతే, చీమలు పడితే, పెట్టె కొలత కుదరకపోతే, రోజూ మూత తీసి చూస్తూంటే వెళ్ళిపోతాయి. మరి మనమేమో తేనె తీసే యంత్రం మొదటిరోజే కొంటాం, చీమలకి నీళ్ళగిన్నెలు మాత్రం పెట్టం!

అందుకే సామాన్లు కొనడానికి ఒక వరస ఉంది. మొదటి ఏడాది కొనే ప్రతి వస్తువూ ఈగల్ని పెట్టెలో ఉంచడానికి పనికొచ్చేదై ఉండాలి. తేనె తీయడానికి పనికొచ్చేవి ఆ తర్వాత. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది, పెట్టే నిలుస్తుంది. ఏమేం కావాలో ఒక్కొక్కటే చూద్దామా!

ముందు పూలు లెక్కపెట్టండి

ఇది పైసా ఖర్చులేని పని, అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. తేనెటీగ తన తిండి కోసం మామూలుగా ఒకటి రెండు కిలోమీటర్ల దూరం తిరుగుతుంది. కాబట్టి మీ పెరడొక్కటే కాదు, ఊరంతా దాని పెరడే. ఒక నోట్‌బుక్ తీసుకుని, చుట్టుపక్కల ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో, ఏ పైరు పూతకొస్తుందో రాయండి. వేప, చింత, కుంకుడు, నేరేడు, కానుగ, నీలగిరి, మునగ, నిమ్మ, జామ, కొబ్బరి, నువ్వులు, ధనియాలు, పొద్దుతిరుగుడు... ఇవన్నీ ఈగలకి పనికొచ్చేవే. అరకు లోయలో శీతాకాలం మొదట్లో వలిసె పూసి కొండవాలంతా పసుపు పరిచినట్టుంటుంది. ఆ పూత కోసం తేనెపెట్టెలు పట్టుకుని అక్కడికి వెళ్ళేవాళ్ళున్నారు.

మొక్కజొన్న, జొన్నల్లో మకరందం ఉండదు, కానీ పుప్పొడి ఉంటుంది. ఈగపిల్లలకి అది పప్పన్నం లాంటిది. తేనె పెద్దల తిండి, పుప్పొడి పిల్లల తిండి. రెండూ ఉండాలి.

నోట్‌బుక్‌లో వరసగా రెండు మూడు నెలలు ఖాళీ కనిపిస్తే భయపడకండి. మన మైదాన ప్రాంతాల్లో వానాకాలంలో అలాంటి కరువు నెలలు ఉంటూనే ఉంటాయి. అప్పుడు చక్కెర పాకం పెట్టి గడిపించవచ్చు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఖాళీయే అయితే మాత్రం పెట్టె ఆలోచన మానుకుని నాలుగు మునగ మొక్కలు నాటడం నయం. అలాగే చుట్టూ పత్తి, మిరప చేలుండి, తరచుగా మందులు కొడుతుంటే అక్కడ పెట్టె పెట్టకండి. పూత మీద పగటిపూట కొట్టిన పురుగుమందు ఒక్క రోజులో పెట్టెను ఖాళీ చేసేస్తుంది. పక్క రైతు మనవాడే అయితే, మందు కొట్టే ముందురోజు చెప్పమనండి. ఈగలు గూటికి చేరాక, సాయంత్రం పొద్దుపోయి కొట్టమనండి. ఈగలు తిరిగితే ఆయన పొద్దుతిరుగుడులో గింజ బాగా కడుతుంది కాబట్టి లాభం ఆయనకీ ఉంది.

ఏ ఈగని పెంచాలి?

కొండచరియలకి, నీళ్ళట్యాంకులకి, మర్రిచెట్లకి పెద్ద పట్టు పెట్టే పెద్ద ఈగ పెట్టెలో ఇమడదు, దాని జోలికి పోవద్దు. పొదల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న ఈగా అంతే. పెట్టెలో పెంచడానికి మనకున్నవి ముఖ్యంగా రెండు.

ఒకటి మన దేశవాళీ ఈగ. చెట్టుతొర్రల్లో, గోడకంతల్లో, పుట్టల్లో వరసగా పట్లు పెడుతుంది కాబట్టి పుట్టతేనె ఈగ అంటారు. మన ఎండకీ వానకీ అలవాటు పడ్డది. కొద్దిపాటి పూలతోనూ నెట్టుకొస్తుంది. తేనె తక్కువే, పెట్టెకి ఏడాదికి కొద్ది కిలోలు వస్తుంది. నచ్చకపోతే చెప్పాపెట్టకుండా లేచిపోవడం దీని గుణం.

రెండోది ఇటాలియన్ ఈగ. 1960లలో హిమాచల్ ప్రాంతంలోని నగ్రోటాలో మన దేశంలో నిలదొక్కుకుని, తర్వాత అంతటా వ్యాపించింది. తేనె దేశవాళీ ఈగకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ తిండీ ఎక్కువే. పూత అయిపోగానే పెట్టెల్ని బండికెత్తి మరో పూత దగ్గరికి తీసుకెళ్ళాలి. దీని ఒంటిమీద పట్టే పురుగుల బెడద కూడా చూసుకోవాలి.

ఇంటి పట్టునే ఉండి, రెండు పెట్టెలతో మొదలుపెట్టే గృహిణికి దేశవాళీ ఈగే మేలు. పదిమంది కలిసిన సంఘమై, పెట్టెలు మోయించడానికి వసతి ఉంటే ఇటాలియన్ ఈగ గురించి ఆలోచించవచ్చు. ఏ ఈగో తేల్చుకున్నాకే పెట్టె కొనాలి, ఎందుకంటే ఒకదాని పెట్టె ఇంకోదానికి పనికిరాదు.

పెట్టె – కొలతే ప్రాణం

తేనెపెట్టె చూడ్డానికి మామూలు చెక్కపెట్టెలాగే ఉంటుంది. కింద స్టాండు, దానిమీద అడుగుపలక, దానికి ఈగలు వచ్చిపోయే సన్నని ద్వారం. పైన పిల్లల గది. రాణి గుడ్లు పెట్టేదీ, పిల్లలు పెరిగేదీ అందులోనే. దానిమీద తేనె గది. ఆపైన లోపలి మూత, వాన కారకుండా పైకప్పు. గదుల్లో ఫైళ్ళు పెట్టినట్టు ఫ్రేములు వేలాడుతుంటాయి. ఈగలు పట్టు కట్టేది వీటిలోనే.

ఇందులో అసలు రహస్యం ఖాళీ జాగా. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు 1851లో ఒక సంగతి కనిపెట్టాడు. పట్టుకీ గోడకీ మధ్య సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచితే ఈగలు దాన్ని నడిచే దారిగా వదిలేస్తాయి. అంతకంటే తక్కువైతే పూడ్చేస్తాయి, ఎక్కువైతే అక్కడ ఇంకో పట్టు కట్టేస్తాయి. అప్పుడు ఫ్రేము లాగితే పట్టు తెగి, తేనె కారి, ఈగలు రేగుతాయి. ఇప్పటి పెట్టెలన్నీ ఈ లెక్కమీద తయారైనవే.

మన దేశవాళీ ఈగకి సరిపోయేలా దక్షిణాదిన ఫాదర్ న్యూటన్ అనే మిషనరీ 1910 ప్రాంతంలో తిరుచ్చిలో ఒక చిన్న పెట్టె రూపొందించారు. పిల్లల గదిలో ఏడు ఫ్రేములుండే ఆ న్యూటన్ పెట్టెని దక్షిణాదిలో ఇప్పటికీ వాడుతున్నారు. దేశవాళీ ఈగకి ఐ.ఎస్.ఐ. కొలతల పెట్టెలూ ఉన్నాయి. ఇటాలియన్ ఈగకైతే పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె.

పెట్టె కొనేటప్పుడు ఇవి చూడండి:

• మీ పెట్టెలన్నీ ఒకే కొలతవి ఉండాలి. ఈ పెట్టెలో ఫ్రేము ఆ పెట్టెలో దూరాలి. ఒకటి న్యూటన్, ఇంకోటి ఐ.ఎస్.ఐ. కొన్నారంటే, బలహీనంగా ఉన్నదానికి బలంగా ఉన్నదాంట్లోంచి ఓ ఫ్రేము ఇవ్వడానికి కుదరదు.

• మీ ఊరి వడ్రంగి చేత చేయించాలనుకుంటే నోటిమాటగా కొలతలు చెప్పకండి. మంచి పెట్టె ఒకటి కొని నమూనాగా ముందు పెట్టండి. ‘కొంచెం అటూ ఇటూ అయితే ఏమైందమ్మా’ అంటాడు. ఇక్కడ అటూ ఇటూ కుదరదని గట్టిగా చెప్పండి.

• చెక్క బాగా ఎండినదై ఉండాలి. పచ్చిచెక్క వంకర తిరుగుతుంది. ఘాటు వాసన వేసే చెక్క వద్దు.

• రంగు బయటే వేయించండి, తెలుపో లేతరంగో. లోపల మాత్రం రంగూ వార్నిష్ అసలు వద్దు. రంగు వాసన పూర్తిగా పోయాకే ఈగల్ని దించాలి.

• కీళ్ళ దగ్గర సందులుంటే చీమలు, మైనపు పురుగు దూరతాయి. పెట్టెని ఎండలో ఎత్తిపట్టి లోపలికి చూడండి. వెలుతురు ద్వారంలోంచే రావాలి, మూలల్లోంచి కాదు.

ఒకటా, రెండా? రెండు కొనండి. ఒక దాంట్లో రాణి చచ్చిపోతే, రెండోదాంట్లోంచి గుడ్లున్న ఫ్రేము ఇచ్చి కొత్త రాణిని తయారు చేయించుకోవచ్చు. పక్కపక్కన రెండుంటే ఏది బాగుందో, ఏది చిక్కిపోతోందో కూడా తెలుస్తుంది. రెండుకంటే ఎక్కువ మాత్రం మొదటి ఏడాది వద్దు.

మైనపు రేకులు

ఫ్రేములో అమర్చడానికి గదులు అచ్చు వేసిన పల్చని మైనపు రేకులు దొరుకుతాయి. ఇవి ముగ్గు వేసేముందు పెట్టే చుక్కల్లాంటివి. ఈగలు వాటిమీదే తిన్నగా పట్టు కడతాయి. ఒక కిలో మైనం తయారు చేయడానికి ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయని చెబుతారు. అందుకే రేకుకి పెట్టిన డబ్బు వృథా కాదు. దేశవాళీ ఈగ గది చిన్నది, ఇటాలియన్ ఈగ గది పెద్దది. మీ ఈగ ఏదో చెప్పి దానికి తగ్గ రేకే అడగండి.

పొగడబ్బా

ఇది లేకుండా పెట్టె మూత తీయకండి. పొగ తగలగానే ఈగలు ఇల్లు వదలాల్సొస్తుందేమోనని కడుపునిండా తేనె తాగుతాయి. కడుపు నిండిన ఈగ అంత తొందరగా కుట్టదు. ఇంకో సంగతి, ఒక ఈగ కుడితే అక్కడ అరటిపండు లాంటి వాసన వస్తుంది. అది మిగతా ఈగలకి పిలుపు. పొగ ఆ వాసనని కప్పేస్తుంది.

డబ్బాలో కొబ్బరిపీచు, పాత గోనెపట్ట ముక్క, ఎండుటాకులు వేసి రాజేయండి. కిరసనాయిలు, ప్లాస్టిక్, నూనె గుడ్డలు వద్దే వద్దు. మీ అరచేతికి తగిలితే చల్లగా ఉండే తెల్లటి పొగ రావాలి. ద్వారం దగ్గర రెండు సార్లు, మూత కింద ఒకసారి ఊదితే చాలు. దేశవాళీ ఈగకి ఎక్కువ పొగ పెడితే బెదిరిపోతుంది. తిత్తి గట్టిగా ఉన్నదీ, చేతికి కాలకుండా చుట్టూ తీగ రక్షణ ఉన్నదీ చూసి కొనండి.

ముసుగు – మీరే కుట్టుకోండి

కుట్టుమిషను ఉంటే ఇది మధ్యాహ్నం పూట పని.

కావలసినవి: అంచు వెడల్పుగా ఉన్న గడ్డి టోపీ లేక వెదురు టోపీ, నల్లటి దోమతెర గుడ్డ, ఒక అంగుళం ఎలాస్టిక్, రెండు మీటర్ల నాడా.

టోపీ అంచు ముఖానికి కనీసం మూడు అంగుళాలు ముందుకు ఉండాలి. తెర ముఖానికి ఆనితే ఈగ బయట్నుంచే కుడుతుంది కాబట్టి ఈ దూరం ముఖ్యం. టోపీ అడ్డం 14 అంగుళాలనుకుంటే చుట్టుకొలత 44 అంగుళాలవుతుంది. కుట్టుకి రెండు కలిపి 46 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడుగు తెర కత్తిరించండి. రెండు అంచులూ కలిపి గొట్టంలా కుట్టండి. పైఅంచుని టోపీ అంచు చుట్టూ సూదిదారంతో దగ్గరదగ్గరగా కుట్టండి. కింది అంచు మడిచి ఎలాస్టిక్ దూర్చండి. నాడాని వెనకవైపు కుట్టి, చంకల కిందుగా ముందుకు తెచ్చి, ఛాతీ మీదుగా బిగించి కట్టుకుంటే కిందనుంచి ఈగ దూరదు.

నల్ల తెరే ఎందుకంటే, నలుపులోంచి చూపు స్పష్టంగా ఉంటుంది. తెల్ల తెర ఎండకి మిరుమిట్లు గొలిపి గుడ్లు కనిపించనివ్వదు. తేనెటీగ గుడ్డు బియ్యపు నూకకన్నా సన్నగా ఉంటుంది మరి!

ఇక బట్టలు. చీరకొంగు గాలికి ఎగురుతుంది, కుచ్చిళ్ళలోకి ఈగ దూరితే చిక్కు. పెట్టె తీసే రోజున లేతరంగు నూలు సల్వార్ కమీజో, ఇంట్లో మగవాళ్ళ పాత ప్యాంటు, పొడుగుచేతుల చొక్కానో వేసుకోండి. ప్యాంటు కాళ్ళు సాక్సులోకి దోపండి. నలుపు బట్టలు, ఉన్నిబట్టలు ఈగలకి గిట్టవు. తలలో మల్లెపూలు, సెంటు, వాసన నూనె ఆ పూటకి మానండి. జడ ముడేసి టోపీలోకి సర్దండి. చేతి తొడుగులు మొదట్లో ధైర్యానికి వేసుకోవచ్చు. మందం తొడుగులైతే వేళ్ళకి స్పర్శ తెలియక ఈగలు నలిగి రేగుతాయి. గిన్నెలు తోమేటప్పుడు వాడే పల్చని రబ్బరు తొడుగులు చాలు.

వంటింట్లోంచే వచ్చే సామాన్లు

• చీమల గిన్నెలు: స్టాండు నాలుగు కాళ్ళ కింద నాలుగు గిన్నెలు పెట్టి నీళ్ళు పోయండి. మీగడ గిన్నెని నీళ్ళపళ్ళెంలో పెడతాం చూడండి, అదే ఉపాయం. రెండురోజులకోసారి నీళ్ళు మార్చకపోతే దోమలు పుడతాయి. గడ్డిపరకలు, కొమ్మలు పెట్టెకి ఆని వంతెన కాకుండా చూసుకోండి.

• పాకం గిన్నె: శుభ్రమైన కొబ్బరిచిప్ప చాలు. కిలో చక్కెరకి లీటరు నీళ్ళు మరిగించి, చక్కెర కరగబోసి, పూర్తిగా చల్లార్చండి. ముదురుపాకం పట్టద్దు. చిప్పలో పోసి, ఈగలు మునిగిపోకుండా నాలుగు పుల్లలు వేసి, చీకటిపడే వేళకి పెట్టె లోపల పెట్టండి. చుక్క కూడా బయట ఒలకనివ్వద్దు. ఒలికితే పక్క పెట్టె ఈగలొచ్చి దోపిడీ మొదలెడతాయి. బెల్లం పాకం వద్దు, ఈగలకి కడుపు చెడుతుంది. బజారు తేనె కూడా పెట్టకండి, రోగాలు రావచ్చు.

• ఉలి లేక స్క్రూడ్రైవరు: ఫ్రేములు సడలించడానికి. ఇటాలియన్ ఈగ చెట్ల జిగురు తెచ్చి ఫ్రేముల్ని అంటించేస్తుంది, దానికి అసలైన ఇనుప సాధనమే కావాలి. దేశవాళీ ఈగకి ఆ జిగురు అలవాటు లేదు. వెడల్పాటి స్క్రూడ్రైవరు సరిపోతుంది.

• మెత్తటి బ్రష్షు: ఫ్రేము మీది ఈగల్ని తుడవడానికి. పెద్ద ఈక అయినా పర్వాలేదు.

• నీళ్ళపళ్ళెం: వెడల్పాటి మట్టిమూకుడులో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోసి నీడలో పెట్టండి. ఎండాకాలం ఇది మరిచిపోతే ఈగలు పక్కింటి పంపు చుట్టూ చేరి తగాదా తెస్తాయి.

• నోట్‌బుక్కు, పెన్సిలు: పెట్టె తీసిన తేదీ, గుడ్లు కనిపించాయా, ఎన్ని ఫ్రేముల్లో ఈగలున్నాయి, ఏం పూస్తోంది అన్నవి రాయండి. ఇది లేనివాళ్ళే ‘ఎందుకు పోయాయో తెలీదు’ అంటారు.

ఈగల్ని కొనేటప్పుడు

పెట్టెకన్నా జాగ్రత్తగా కొనాల్సింది ఈగల్ని. కనీసం నాలుగు ఫ్రేముల నిండా ఈగలుండాలి. గుడ్లు పెట్టే రాణి ఉండాలి. రాణి కనిపించకపోయినా గదుల అడుగున నిలబెట్టిన సన్నని గుడ్లు కనిపిస్తే చాలు, రెండు మూడు రోజుల కిందటివరకూ అది ఉన్నట్టే. మూతవేసిన పిల్లల గదులు ఎడం లేకుండా వరసగా ఉండాలి. అక్కడక్కడా చిల్లులుపడి, దుర్వాసన వేస్తుంటే వద్దనండి.

‘పాత పట్లు, పాత ఫ్రేములు చవగ్గా ఇస్తాం’ అంటే అస్సలు ఆశపడకండి. 1991–92లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో ప్రబలి దేశవాళీ ఈగల కుటుంబాల్ని తుడిచిపెట్టేసింది. వందకి తొంభై పైగా పోయాయి. తేనెమీదే బతికే కేరళ, కర్ణాటక, కన్యాకుమారి ప్రాంతాల కుటుంబాలు ఖాళీ పెట్టెలు చూసుకుంటూ కూర్చున్నాయి. పిల్లపురుగు నీళ్ళసంచిలా మారి చచ్చిపోయే ఆ జబ్బుకి మందు లేదు. బతికిన కుటుంబాల నుంచే మళ్ళీ మెల్లగా పెంపకం నిలబడింది. జబ్బు ఒకచోటినుంచి ఇంకోచోటికి ఈగలతోనూ, పట్లతోనూ ప్రయాణం చేస్తుంది. అందుకే చవక బేరం అసలే వద్దు.

పెట్టెని చీకటిపడ్డాక, ఈగలన్నీ లోపలికి చేరాక, ద్వారానికి గాలాడే వలగుడ్డ కట్టి తెచ్చుకోవాలి. మరీ దగ్గరనుంచి, రెండు మూడు కిలోమీటర్ల లోపునుంచి తెస్తే మేతకెళ్ళిన ఈగలు పాత చోటికే తిరిగిపోతాయి. తెచ్చాక తూర్పుముఖంగా, పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడపడేచోట పెట్టండి. ద్వారం నడిచే దారికి ఎదురుగా ఉండకూడదు. వారంరోజులు కదల్చకండి. కొత్తగా దించిన దేశవాళీ ఈగలకి ద్వారం దగ్గర రాణిగేటు పెడితే మంచిది. అందులోంచి కూలి ఈగలు పోగలవు, రాణి పోలేదు. వారం పదిరోజుల తర్వాత తీసేయండి, పోతు ఈగలు తిరగాలి కదా.

మొదలుపెట్టడానికి పూత మొదలయ్యే కాలం మంచిది. మన వైపు కార్తీకం వెళ్ళాక మొదలుపెడితే ఉగాది వేపపూత దాకా ఈగలకి తిండికి కొదవుండదు. ఆషాఢ శ్రావణాల్లో మాత్రం మొదలుపెట్టకండి. ఆ కాలంలో బలహీనమైన పెట్టెల్లోకే మైనపు పురుగు చేరి పట్లని బూజు పట్టినట్టు అల్లేస్తుంది.

తేనె యంత్రం ఎప్పుడు?

తేనె గదిలో ఫ్రేములు నిండి, వాటిమీద ముప్పాతిక భాగం మైనపు మూతలు వేసినప్పుడు. అంతకుముందు తీసిన తేనెలో నీరెక్కువై పులుస్తుంది. ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం తేనెలో తేమ నూటికి 20 పాళ్ళు దాటకూడదు.

తేనె తీసే యంత్రం అంటే డ్రమ్ములో ఫ్రేముల్ని నిలబెట్టి చేత్తో తిప్పేది. తేనె గోడలకి చిమ్మి కిందికి కారుతుంది, పట్టు చెక్కుచెదరదు. అదే పట్టు మళ్ళీ పెట్టెలో పెడితే ఈగలు నింపడమే తరువాయి. మంచి వస్తువే, కానీ ఏడాదిలో వాడేది నాలుగైదు రోజులు. కాబట్టి నలుగురైదుగురు కలిసి, లేదా మీ డ్వాక్రా సంఘం తరఫున ఒకటి కొనుక్కోండి. కొంటే స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనండి. తేనెలో పులుపు ఉంటుంది, రేకు డ్రమ్ము తుప్పు పడుతుంది. మైనపు మూతలు కోయడానికి వేణ్ణీళ్ళలో ముంచి తుడిచిన పొడుగాటి కత్తి, వడగట్టడానికి పల్చని మల్లుగుడ్డ మన ఇంట్లోవే. పిల్లల గదిలో తేనె మాత్రం ముట్టుకోకండి, అది వాటి కరువుకాలపు తిండి.

మొదటి ఏడాది అసలు తేనె రాకపోవచ్చు. ఈగలు నిలిచి, పట్లు కట్టి, వానాకాలం దాటితే ఆ ఏడాది గెలిచినట్టే.

కుడితే?

కుట్టకుండా పెంపకం ఉండదు. ముల్లుని వేళ్ళతో నొక్కి లాగాలని చూస్తూ ఆలస్యం చేయకండి. గోటితో పక్కకి గీరేయండి. ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది. ఆ చోట పొగ ఊది, దూరంగా వెళ్ళి సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. వాపు, దురద ఒకటి రెండు రోజులుంటాయి.

కానీ ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం లేక గొంతు వాపు, ఆయాసం, కళ్ళు తిరగడం, వాంతులు... వీటిలో ఏది కనిపించినా ఇంటివైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అది ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు అలా జరిగి ఉంటే పెట్టె ఆలోచన మానుకోండి. మొదటి నాలుగైదు సార్లు ఒంటరిగా పెట్టె తీయకండి.

ఒక్కచోట జాబితా

మొదట కావలసినవి: ఒకే కొలత పెట్టెలు రెండు (స్టాండు, మూతలతో), ఫ్రేములు, మైనపు రేకులు, పొగడబ్బా, ముసుగు, పల్చని తొడుగులు, స్క్రూడ్రైవరు లేక ఉలి, బ్రష్షు, రాణిగేట్లు, చీమల గిన్నెలు ఎనిమిది, పాకం చిప్పలు, నీళ్ళమూకుడు, నోట్‌బుక్కు. ఆ తర్వాతే ఈగలు.

తేనె నిండాక కావలసినవి: యంత్రం (ఉమ్మడిగా), కత్తి, మల్లుగుడ్డ, మూతగట్టి గాజుసీసాలు.

ఇప్పట్లో అక్కర్లేనివి: పుప్పొడి పట్టే వల, రాణుల్ని పెంచే సామగ్రి, ఖరీదైన పూర్తి తొడుగు సూటు.

కొనేముందు నేర్చుకోండి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో హనీ మిషన్ మొదలుపెట్టి శిక్షణతోపాటు పెట్టెలు ఇస్తోంది. కేంద్రం 2020లో తేనెటీగల పెంపకానికి జాతీయ మిషన్ ప్రకటించింది. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, ఉద్యానశాఖ ఆఫీసులోనూ అడిగితే శిక్షణ ఎప్పుడో, రాయితీ ఏమైనా ఉందో చెబుతారు. ఉచితంగా పెట్టె ఇస్తామన్నా సరే, కనీసం రెండుసార్లు ఇంకొకరి పెట్టె తీయడం దగ్గరుండి చూడకుండా తెచ్చుకోకండి.

మీ సందేహాలు

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పెట్టె పెట్టవచ్చా?
పెట్టవచ్చు. పిల్లలు ఆడుకునే చోటుకి దూరంగా, చుట్టూ కంచెలా మొక్కలు వేసి పెట్టండి. ద్వారానికి అడ్డంగా నిలబడకూడదని, పుల్ల దూర్చకూడదని నేర్పండి. ఇంకోమాట, ఏడాదిలోపు పసిబిడ్డకి ఇంటి తేనె అయినా సరే, నాకించకండి. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగులకి ప్రమాదం.

మేడమీద పెట్టవచ్చా?
నీడా, నీళ్ళూ, గాలికి అడ్డూ ఉంటే పెట్టవచ్చు. కానీ చుట్టుపక్కలవాళ్ళ ఒప్పుదల ముందే తీసుకోండి.

తేనె గడ్డకట్టింది. ఈగలు చక్కెర పాకం తిన్నందుకా?
కాదు. పొద్దుతిరుగుడు తేనెలాంటివి స్వభావంగానే తొందరగా గడ్డకడతాయి. సీసాని గోరువెచ్చని నీళ్ళగిన్నెలో నిలబెడితే కరుగుతుంది. పొయ్యి మీద నేరుగా కాచకండి. అయితే తేనె గది పెట్టాక పాకం ఇవ్వడం ఆపేయాలి, లేకపోతే సీసాలోకి వచ్చేది ఆ పాకమే.

ముక్కలైన పట్లు ఏం చేయాలి?
గుడ్డలో మూటకట్టి, వంటకి వాడని గిన్నెలో నీళ్ళుపోసి కాచండి. చల్లారాక మైనం పైన బిళ్ళలా తేలుతుంది. దాచి పెట్టి కొత్త రేకులకి ఇచ్చి మార్చుకోవచ్చు. చిన్నముక్కని నాలుగింతల కొబ్బరినూనెలో, వేణ్ణీళ్ళగిన్నె మీద కరిగిస్తే పగిలిన మడమలకి మంచి పూత.

పండిన తేనెని అమ్ముకోవచ్చా?
అమ్ముకోవచ్చు. కొద్దిపాటి సరుకైనా ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. సీసామీద ఏ పూతలో, ఏ నెలలో తీసిందో రాయండి. మీ నోట్‌బుక్కు అప్పుడూ అక్కరకొస్తుంది.

ఈ వారమే పని మొదలుపెట్టాలని ఉందా? అయితే డబ్బు తీయకండి, ముందు నోట్‌బుక్కు తీయండి. మీ వీధిలో ఇప్పుడేం పూసిందో, దానిమీద ఈగ వాలిందో లేదో రాసి తేదీ వేయండి.